ఎడమ వెనక కాలు

స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కసారి రుద్దేసరికి కుక్కపిల్ల ఎడమ వెనక కాలి నలుపంతా దూదిలోకి దిగి, అడుగున పాలలాంటి తెలుపు బయటపడింది.

సీలమ్మ దూది వంక చూసింది. కాలి వంక చూసింది. మళ్ళీ దూది వంక చూసింది. కెనెల్ క్లబ్ రిజిస్ట్రారుగా ఇరవై రెండేళ్ళలో ఆమె తుడిచిన కుక్క కాళ్ళకి లెక్కలేదు. బురద వచ్చిన కాళ్ళున్నాయి, పేడ వచ్చిన కాళ్ళున్నాయి, ఒకసారి ఎవరిదో లిప్‌స్టిక్ కూడా వచ్చింది. కుక్క రంగే ఊడిరావడం మాత్రం ఇదే మొదలు.

క్లబ్బు సీలు ఆమె సొరుగులో ఉంటుంది. సొరుగు తాళంచెవి ఆమె మెడగొలుసుకి వేలాడుతుంది. ఆ సీలు పడనిదే ఏ కుక్కా జాతికుక్క కాదు. అందుకే ముందు నౌకర్లు, తర్వాత మెంబర్లు, చివరికి ఇంట్లోవాళ్ళు కూడా ఆమెని సీలమ్మ అనే పిలవడం మొదలుపెట్టారు.

బల్లకి అవతల ఆమె మరిది కాలు మీద కాలు వేసుకుని ఫోన్లో తన ఫొటోలు తానే చూసుకుంటున్నాడు.

"ఇంకా ఎంతసేపు వదినా? రేపు పదిమందిని ఇంటికి పిలిచాను, సర్టిఫికెట్ చూపించాలి."

"ఈ పిల్ల ఎక్కడ తిరిగిందయ్యా?"

"తిరగడమా! అది నేలమీద కాలు పెట్టదు. పెట్టనివ్వం." అతను తలెత్తి తడి దూదిని చూశాడు. దిగ్గున లేచాడు. "అయ్యయ్యో, తడి తగిలించావా? తగలకూడదు వదినా! ఇంట్లో స్నానం చేయించకూడదని కాగితం రాసిచ్చారు. ఛాంపియన్ వంశం కదా, ఛాంపియన్‌ని చూసుకునే మనిషే ఆదివారం ఆదివారం వచ్చి చేయించాలి. ఆ కాగితానికి ఫ్రేము కట్టించాను."

"కన్నతల్లిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటే నీకు ఆదివారం ఖాళీ ఉండదు. దీని స్నానానికి మాత్రం ఉంటుంది."

"మొదలుపెట్టావా? అన్నయ్య ఎలా వేగుతున్నాడో నీతో!"

అతని ముత్తాత పేరు అడిగితే నీళ్ళు నములుతాడు. కుక్కపిల్ల పన్నెండు తరాల తాతముత్తాతలని మాత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. సీలమ్మ దూదిని ఒక కవరులో పెట్టి, కాలి మీద రుమాలు కప్పింది.

"బయట కూర్చో. పిలుస్తాను."

ఆ జాతిని వాడుకలో బొగ్గుజాతి అంటారు. ముక్కు నుంచి తోక దాకా నలుపు. ఒంటిమీద వేలెడంత తెలుపు కనిపించినా క్లబ్బు పుస్తకంలో దానికి చోటు లేదు. ఈ పిల్ల తండ్రి సాక్షాత్తూ ఛాంపియన్. అంటే క్లబ్ అధ్యక్షుడి సొంత కుక్క. రెండేళ్ళలో పదకొండు ఈతలకి తండ్రి. ఒక్కో ఈతలో ఆరేడు పిల్లలు. అన్నిటి మీదా సీలమ్మ సీలు.

కానీ ఆ పిల్లల్లో ఒక్కదాన్ని కూడా ఇంతకుముందు ఆమె తాకలేదు.

క్లబ్బులో పద్ధతి ఒకటుంది. రిజిస్టర్ చేసే ప్రతి పిల్లకీ ఎడమ వెనక కాలు శుభ్రంగా తుడిచి, ఇంకు అద్ది, కాగితం మీద ముద్ర తీయాలి. ముందుకాలు పట్టుకుంటే కరుస్తాయని ఎప్పటివాడో పెట్టిన నియమం. ఆ పని రిజిస్ట్రారు తన చేత్తో చెయ్యాలి. మామూలు వాళ్ళు కుక్కల్ని చంకనెత్తుకుని వచ్చి లైన్లో నిలబడతారు. ఛాంపియన్ పిల్లల్ని కొనేవాళ్ళు మామూలు వాళ్ళు కాదు కదా. వాళ్ళ కుక్కలు ఆఫీసుకి రావు, ఇంటి దగ్గరే తీసిన ముద్ర కాగితాలు వస్తాయి. సీలమ్మ వద్దంది. "పెద్ద ఇళ్ళని మనం ఇబ్బంది పెట్టకూడదమ్మా" అన్నాడు అధ్యక్షుడు. నోటిమాటగా అన్నాడు. కాగితం మీద మాత్రం రాయలేదు.

వదిన చేతిలో పని ఉంది కదా అని అందరికన్నా ముందు సర్టిఫికెట్ కొట్టేద్దామనుకున్న మరిది వల్ల మొదటిసారి ఒక కాలు ఆమె బల్ల మీదికి వచ్చింది.

అధ్యక్షుడి గది తలుపు తోసేసరికి ఆయన కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు. అరవై ఐదేళ్ళ మనిషి. తల ముగ్గుబుట్ట, మీసం మాత్రం కాకిరెక్క. చేతిలో వెండిపొన్ను కర్ర. నడవడానికి కాదు ఆ కర్ర, మెట్ల మీద పడుకునే వీధికుక్కని రోజూ పొద్దున పొడవడానికి. పొడిచాకే ఆయనకి ఆఫీసు మొదలైనట్టు.

సీలమ్మ చెప్పింది. దూది చూపించింది. ఆయన దూదిని వాసన చూడలేదు, తాకలేదు. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఇది ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు సార్."

"సీలు ఎవరిది?"

"క్లబ్బుది సార్."

"వేసిన చెయ్యి?"

ఆమె చెయ్యి మెడగొలుసు తాళంచెవి మీదికి పోయింది.

"చూడమ్మా, నా కుక్క రక్తంలో తెలుపు లేదు. నా రక్తాన్ని అనుమానిస్తాను గాని దాన్ని అనుమానించను. ఎవడో దొంగపిల్లని మార్చి ఉంటాడు. నువ్వు కళ్ళు మూసుకుని సీలు కొట్టి ఉంటావు. మూడింటికి కమిటీ ఉంది. దొంగనైనా తీసుకురా, రాజీనామా అయినా తీసుకురా."

"ముద్ర కాగితాలు తీసుకోమన్నది మీరు కదా సార్."

"నేనా?" అన్నాడాయన. ఎంత నిజాయితీగా ఆశ్చర్యపోయాడంటే, తెలియనివాళ్ళెవరైనా ఆయన పక్షాన సాక్ష్యం చెప్పేవారు. "ఎక్కడ రాశాను, చూపించు."

ఇదే సంగతి. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం, ఒక్క మచ్చ లేని పేరు, ఈ రెండూ మధ్యాహ్నం మూడింటికి ఒక తెల్లకాలు కింద పడి నలగబోతున్నాయి. గోడ గడియారం పదకొండు దాటింది.

తలుపు దాకా వచ్చి ఆమె ఆగింది. ఆయన ఖాళీ కప్పు బల్ల మీద ఉంది. అంచు మీద నల్లటి చంద్రవంక. ఆ మరక ఆ కప్పుకి రోజూ ఉండేదే. నౌకర్లు సున్నం రాసి తోముతారు. కడగడానికన్నట్టు దాన్ని చేతిలోకి తీసుకుని బయటికొచ్చి వాసన చూసింది. మైనం, లవంగం. కవరులోని దూదిని వాసన చూసింది. మైనం, లవంగం.

కుక్కపిల్ల కాలికి పూసిందీ, అధ్యక్షుడి మీసానికి పూసిందీ ఒకే డబ్బాలోది.

ఆమె గబగబా నడిచి రికార్డు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. దొంగ ఆయనే అయితే తన తల ఎవరు కాపాడతారు? కాపాడేది కాగితమే. ఛాంపియన్ ఫైలు తీసింది. పదకొండు ఈతలు, పదకొండు మేటింగ్ ఫారాలు. ప్రతి దాని అడుగునా అచ్చు అక్షరాల్లో ఒకే వాక్యం ఉంది. 'పై రెండు కుక్కలు కలవడం నేను కళ్ళారా చూశాను.' దాని కింద ఆడకుక్క యజమాని సంతకం, మగకుక్క యజమాని సంతకం. రెండూ దిట్టంగా ఉన్నాయి.

మొదటి నంబరుకి ఫోన్ చేసింది. పళ్ళ డాక్టరు.

"డాక్టరుగారూ, చిన్న సందేహం. క్లబ్బు వెనక గదిలో మీ కుక్కని జత కట్టించినప్పుడు మీరు దగ్గరుండి చూశారా?"

"ఛ ఛ! అలాంటివి ఎవరైనా చూస్తారామ్మా? మా ఆవిడ కూడా వచ్చింది ఆ రోజు. ముందు హాల్లో టీ తాగాం."

"మరి సంతకం పెట్టారు కదా, కళ్ళారా చూశానని?"

"అందరూ పెడతారు కదా!"

రెండో నంబరు రిటైరైన జడ్జి. ముప్ఫై ఏళ్ళు సాక్షుల్ని గుచ్చి గుచ్చి అడిగిన మనిషి.

"చూడలేదమ్మా. కళ్ళు మూసుకుని పెట్టాను సంతకం. మర్యాదస్తులం కదా."

"లోపల ఎవరున్నారండీ?"

"ఇంకెవరు, ఆ దువ్వెనగాడే. ఛాంపియన్‌కి సిగ్గు ఎక్కువట, కొత్తవాళ్ళుంటే పని జరగదట. తలుపు వేసుకుని వాడే చూసుకున్నాడు."

మూడో ఆవిడ "ఇదేం మాటలు!" అని ఫోన్ పెట్టేసింది. నాలుగో ఆయన ఆ రోజు టీ చాలా బాగుందన్నాడు. సీలమ్మ ఐదో నంబరు తిప్పలేదు. పన్నెండు తరాల చరిత్రని తలుచుకుని తలుచుకుని మురిసిపోయే ఈ మహానుభావులు పదమూడో తరం మొదలయ్యే చోట మాత్రం మొహం పక్కకి తిప్పుకుని బిస్కెట్లు కొరికారు. వీళ్ళ కుక్కల పుట్టుక మీద ఉన్న సాక్ష్యమంతా టీ కప్పుల సాక్ష్యమే. రెండేళ్ళ కిందట ప్రతి ఈతకీ రక్తపరీక్ష చేయిద్దామని తను రాసిన కాగితాన్ని అధ్యక్షుడు ఎందుకు చింపేశాడో గుర్తొచ్చింది. "మన వంశాలనే శంకిస్తావా?" అన్నాడు.

దువ్వెన అంటే ఛాంపియన్‌ని చూసుకునే మనిషి. యాభై ఏళ్ళవాడు, మాట తక్కువ. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఇనప దువ్వెన ఉంటుంది. కుక్కకి స్నానం, దువ్వడం, గోళ్ళు తీయడం, పోటీల్లో నడిపించడం అన్నీ వాడే. మేటింగ్ గదిలో వాడొక్కడే. కానీ మీసం రంగు అధ్యక్షుడిది. ఇద్దరూ కలిసి చేశారా? చేస్తే, అసలు ఎందుకు? ఛాంపియన్ ఉండగా ఇంకో కుక్క అవసరమేమొచ్చింది? ఉన్నా, ఆ ఇంకో కుక్క ఏది?

ఒంటిగంట దాటింది. ఆమె అన్నం డబ్బా విప్పి రెండు ముద్దలు తింది. మిగిలింది ఎప్పటిలాగే మెట్ల కుక్కకి వేద్దామని బయటికొచ్చింది.

మెట్ల మీద మరిది పిల్లని గుండెకి హత్తుకుని గొంతు చించుకుంటున్నాడు. "ఛీ! పో! వదినా, దీన్ని తరుము! జాతి తక్కువ వెధవ, పిల్లని నాకబోతోంది! అంటురోగాలొస్తాయి!"

మెట్ల కుక్క అతని అరుపుని ఖాతరు చెయ్యలేదు. నల్లటి కుక్క, బలమైన ఛాతీ, చెవి ఒకటి చిరిగింది. మెడ సాచి పిల్లని ఒకసారి వాసన చూసింది. తర్వాత కాళ్ళు బార్లా చాపి ఒళ్ళు విరుచుకుంది. ఎడమ వెనక కాలు, మడమ దాకా, పాలలా తెల్లగా ఉంది. రోజూ అన్నం వేస్తున్నా ఆమె ఎన్నడూ దాని కాళ్ళ వంక చూడలేదు.

రుమాలు జారిపోయిన పిల్ల కాలు దానికి జానెడు దూరంలో వేలాడుతోంది. అదే కాలు. అదే తెలుపు. మడమ దగ్గర అదే గీత.

"చూశావా వదినా, ఎంత ధైర్యమో దీనికి!" అన్నాడు మరిది. రెండు కాళ్ళూ అతని కళ్ళ ముందే ఉన్నాయి. అతనికి కనిపించింది వీధికుక్క ఒకటీ, ఛాంపియన్ కొడుకు ఒకటీ. కళ్ళుండేది చూడ్డానికే అనుకుంటే పొరపాటు, కొందరికి అవి ముఖానికి అలంకారం.

సీలమ్మ డబ్బాలోది మొత్తం మెట్ల కుక్క ముందు బోర్లించింది. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ మెట్ల మీద ఆమెకి మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వు వెంటనే ఆగిపోయింది. తండ్రి దొరికాడు. వెనక గది తలుపు తీసి దీన్ని పిలిచినవాడెవరో చూపించకపోతే మూడింటికి తల తనదే.

కమిటీ గదిలో గుండ్రటి బల్ల, పళ్ళ డాక్టరూ జడ్జీతో కలిపి ఐదుగురు మెంబర్లు, గోడ నిండా గతించిన కుక్కల చిత్రపటాలు. మనుషుల చిత్రపటం ఒక్కటీ లేదు, ఆ గదికి వచ్చే మనుషుల్ని చూస్తే అది న్యాయమే అనిపిస్తుంది. తలుపు దగ్గర దువ్వెన, వాడి చేతిలో ఛాంపియన్ పట్టీ. ఛాంపియన్ నిగనిగలాడుతోంది. నలుపంటే నలుపు. అధ్యక్షుడు కమిటీ ఉన్నప్పుడల్లా దాన్ని తెప్పిస్తాడు, కోర్టులో న్యాయదేవత త్రాసు బొమ్మ పెట్టుకున్నట్టు.

ఆయన తీర్మానం చదవడం మొదలుపెట్టాడు. "రిజిస్ట్రారు తీవ్ర నిర్లక్ష్యం వల్ల, క్లబ్బు నియమాలకి విరుద్ధంగా స్వయంగా ముద్రలు తీసుకోకపోవడం వల్ల..."

సీలమ్మ లేచి దూది, కప్పు బల్ల మధ్యలో పెట్టింది.

"ఒకసారి వాసన చూడండి."

మెంబర్లు మొహమాటంగా వాసన చూశారు. పళ్ళ డాక్టరు అందరికన్నా ముందు కప్పు దించేసి అధ్యక్షుడి మీసం వంక చూశాడు. తర్వాత అందరూ చూశారు.

అధ్యక్షుడి మొహం కందగడ్డ అయింది. "నేను కుక్కలకి రంగు పూస్తానా? ఏం మాట్లాడుతున్నావు నువ్వు!"

"మీరు పూయరని నాకు తెలుసు సార్. బూటు తాడు కూడా మీరు కట్టుకోరు. మీ మీసానికి పూసేదెవరు?"

అధ్యక్షుడి చూపు, ఆయన ఆపుకునేలోపే, తలుపు వైపు పోయింది.

సీలమ్మ ఇక ఆగలేదు. తలుపు బార్లా తెరిచి, కొళాయి దగ్గర మనిషిని పిలిచినంత మామూలుగా, "రా!" అంది. మెట్ల కుక్క లోపలికి వచ్చింది. దాన్ని ఎవరూ అంతవరకు తాకలేదు, తాకబోతే పళ్ళు చూపిస్తుందని క్లబ్బంతటికీ తెలుసు. కర్ర పట్టుకున్న చేతిని చూసి ఒకసారి గుర్రుమంది. ఛాంపియన్ ఆ గుర్రు వినీ వినగానే పట్టీలోంచి మెడ లాక్కుని, తోక కాళ్ళ సందున పెట్టుకుని అధ్యక్షుడి కుర్చీ కిందకి దూరింది. కుర్చీ గడగడ వణికింది.

మెట్ల కుక్క దాన్ని పట్టించుకోలేదు. నేరుగా దువ్వెన దగ్గరికి వెళ్ళి, తోక ఊపి, వాడి చొక్కా జేబుకేసి ముక్కు ఎత్తింది. ఇనప దువ్వెన వెనక అర బిస్కెట్టు ఉంది. వాడి చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది, అలవాటు. బిస్కెట్టు కుక్క నోట్లో పెట్టాక గాని, గదిలో అందరూ తననే చూస్తున్నారని వాడికి తెలియలేదు.

"ఆ తెల్లకాలు చూడండి" అంది సీలమ్మ. "తర్వాత నా రాజీనామా సంగతి మాట్లాడుకుందాం."

అధ్యక్షుడు కర్ర దువ్వెన వైపు ఎత్తాడు. "ఒరేయ్. ఏమిట్రా ఇది?"

దువ్వెన ఛాంపియన్ ఖాళీ పట్టీని బల్ల మీద పెట్టాడు. మెట్ల కుక్క తల నిమిరాడు.

"నేనేనయ్యా. దాచేదేముంది? కుక్కే చెప్పేశాక మనిషి అబద్ధమాడితే బాగుండదు. మీ ఛాంపియన్‌కి ఆడకుక్కని చూస్తే వణుకు. మొదటిసారి తలుపు వేసి వదిలితే బల్ల కిందకి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. మీతో చెప్పాను, గుర్తుందా? 'తప్పు కుక్కది కాదు, పట్టుకున్నవాడి చేతిది, దానికి చేతకాకపోతే నువ్వు మూటాముల్లె సర్దుకో' అన్నారు. పద్దెనిమిదేళ్ళు మీ కుక్కల ఒళ్ళూ మీ మీసమూ దిద్దినవాణ్ణి, ఎక్కడికి పోను? రెండోసారి వెనక తలుపు తీసి దీన్ని పిలిచాను. దీనికి ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు. ముందు హాల్లో మీరు రెండో కప్పు పోసుకునేలోపల దీని పని ఇది చూసుకుని, బిస్కెట్టు తిని, మళ్ళీ వచ్చి మెట్ల మీద పడుకుంది. ఒక్కసారికే అనుకున్నాను. పిల్లలు పుట్టాయి. మీరొచ్చి చూసి 'ఆ ఛాతీ చూడు, ఆ నడక చూడు, రక్తం అబద్ధమాడదు' అన్నారు. ఈ జడ్జిగారు పక్కనే ఉండి అవునవునన్నారు. మీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అనుమానపడినా ఆపేసేవాణ్ణి. ఒక్కసారి ఆ తలుపు తోసినా దొరికేవాణ్ణి. పదకొండు ఈతలు, ఎవరూ తొయ్యలేదు. ఈతకి ఒకటో రెండో తెల్లకాలుతో పుట్టేవి. మీ మీసం డబ్బాలోది కాస్త పూసేవాణ్ణి. స్నానం నేనే చేయించాలని కాగితం రాసిస్తే, కళ్ళకద్దుకుని గోడకి తగిలించుకున్నారు. నేలమీద తిరిగే కుక్కలైతే రెండు రోజుల్లో రంగు పోయేది. ఒళ్ళో పెరిగేవి కదా, ఆదివారం దాకా ఆగేది. సీలమ్మగారి తప్పేమీ లేదు. ముద్ర కాగితాలు వద్దని ఆవిడ అంటే, తీసుకోమని మీరన్నారు, నేను తలుపు దగ్గరే నిలబడి విన్నాను. అది కూడా రాసుకోండి, కింద సంతకం పెడతాను. పదకొండు ఫారాల్లో కళ్ళారా చూసిన సంతకం ఒక్కటీ లేదు, ఇదొక్కటైనా ఉంటుంది. నేను పోతాను. పోయేముందు ఒక్క మాట. ఆ కర్ర కాస్త పక్కన పెట్టండి అయ్యగారూ. క్లబ్బు అద్దాల బీరువాలో ఉన్న పోటీ కప్పుల్లో మూడు దీని కూతుళ్ళు తెచ్చినవి. తండ్రిని రోజూ పొద్దున్నే పొడుస్తుంటే చూడ్డానికి బాగుండడం లేదు."